లోతు మంచులో స్కీయింగ్: వెనక్కి ఒరగొద్దు

కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌కో ఉత్తరాఖండ్‌లోని ఔలీకో పోయి ఒక కోర్సు చేసి, మెషీన్‌తో తొక్కించి చదును చేసిన స్లోప్ మీద బూట్లకు తగిలించుకునే రెండు స్కీ పలకలూ సమాంతరంగా పెట్టి మలుపులు తిప్పడం వచ్చినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనుక కొసలు దూరంగా పెట్టి బ్రేకు వేసుకుంటూ దిగే స్నోప్లౌ దశలోనే ఉన్నవాళ్ళు ఇంకో సీజన్ ఆగడం మంచిది. లోతు మంచులో స్నోప్లౌ పనిచెయ్యదు. స్కీలు చెరో దిక్కుకు పోతాయి, మీరు మధ్యలో కూలబడతారు.

నాది నల్లగొండ. రామగిరిలో ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతాను. మోకాళ్ళు, నడుములు రోజూ చూసే పని. చలికాలం వస్తే గుల్‌మార్గ్ పోవడం నాకు పిచ్చి. సంక్రాంతికి హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో ఊరికొచ్చి, అటునుంచి అటే కశ్మీర్‌కు టికెట్లు బుక్ చేసుకున్న మన దిక్కు పిల్లలు నా దగ్గరకొచ్చి మొదట అడిగేది పౌడర్ గురించే, అంటే కొత్తగా పడ్డ మెత్తటి లోతు మంచు గురించే: “అక్కా, పౌడర్‌ల వెనుకకు ఒరగాలెనంట గదా?”

ఒరగొద్దు. నేను చెప్పేదాంట్లో ముప్పాతిక వంతు ఇదే. ఎందుకు ఒరగొద్దో, ఒరగకుండా ఎట్లా నిలబడాలో తెలిస్తే మిగతాది దానంతటదే వస్తుంది.

ముందు కాళ్ళ కింద ఉన్నదేంటో చూద్దాం. కొత్తగా పడ్డ పొడి మంచు ఒక ఘనపు మీటరు తూచితే 50 నుంచి 100 కిలోలు ఉంటుంది. అంతే నీళ్ళు వెయ్యి కిలోలు. అంటే తాజా పౌడర్‌లో పదింట తొమ్మిది వంతులు గాలే. చదును చేసిన స్లోప్ మీద స్కీ అంచు గట్టి మంచును కోసుకుంటూ పట్టు తీసుకుంటుంది, మలుపులో బయటివైపు కాలి మీద బరువంతా వేస్తే స్కీ వంగి తిరుగుతుంది. మీ ఇన్‌స్ట్రక్టర్ “బయటి కాలు, బయటి కాలు” అని అరిచింది అందుకే. పౌడర్‌లో అంచుకు దొరికే గట్టి పొర లేదు. మిమ్మల్ని మోసేది స్కీ వెడల్పు, దాని కింద నొక్కుకుపోతున్న మంచు, మీ వేగం. ఈ మూడింట్లో మీ చేతిలో అప్పటికప్పుడు ఉండేది వేగమే. వేగం తగ్గితే మునుగుతారు.

వెనక్కి ఒరగమనే సలహా కూడా ఊరికే పుట్టింది కాదు. పాత రోజుల స్కీలు సన్నగా, పొడుగ్గా ఉండేవి. ముందు కొస మంచులోకి దూరితే మనిషి బోర్లా పడేవాడు. కొస పైకి లేవాలంటే వెనక్కి కూర్చోవడం తప్ప దారి ఉండేది కాదు. ఇప్పటి పౌడర్ స్కీ మధ్యలో 100 మిల్లీమీటర్లు, ఆపైన వెడల్పుంటుంది. మామూలు స్లోప్ స్కీ 65 నుంచి 80 మధ్య. పైగా కొత్త స్కీ ముందుభాగం చాలా దూరం నుంచే మెల్లగా పైకి లేచి ఉంటుంది, దాన్ని రాకర్ అంటారు. కొసను పైకి తేల్చే పని స్కీయే చేసుకుంటుంది. మీరు దానికి సాయం చెయ్యబోతే అడ్డమవుతారు.

వెనక్కి ఒరిగితే ఏమవుతుందో నా వృత్తి వైపు నుంచి చెప్తాను. పిర్ర పాదాల వెనక్కి పోయిన క్షణం నుంచి శరీరం బరువంతా తొడ ముందు కండరాల మీద పడుతుంది. మీరు కుర్చీ లేకుండా కూర్చుని కిందికి జారుతున్నారన్నమాట. నాలుగైదు మలుపులకే తొడలు మండుతాయి. అలిసిన కాలు ఇంకా వెనక్కి కూర్చుంటుంది. స్కీ ముందుభాగం గాలిలో తేలుతుంటుంది కాబట్టి తిప్పినా తిరగదు. అప్పుడు మనిషి భుజాలు విసిరి తిప్పబోతాడు. ఇక్కడే మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంటుకు గండం: పిర్రలు మోకాళ్ళ కంటే కిందికి దిగి, బరువంతా ఒక స్కీ వెనుక కొస మీద పడి, ఆ స్కీ లోపలికి మెలితిరిగినప్పుడు లిగమెంటు తెగడం స్కీయింగ్‌లో బాగా తెలిసిన గాయం. మంచు మెత్తగా ఉంది కదా, పడితే ఏమవుతుందిలే అనుకోవద్దు. పడడం మెత్తగానే ఉంటుంది, మెలితిరగడం కాదు.

నిలబడే తీరు

సరైన తీరు చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది. పాదాల మీద పిర్రలు, పిర్రల మీద భుజాలు. మడమ నుంచి బొటనవేలి మొదలు దాకా అరికాలంతా బూటు అడుగుకు సమంగా ఆనాలి. మోకాలి కింది ఎముక బూటు ముందుభాగానికి తగులుతూ ఉండాలి, గుద్దుకోకూడదు. గట్టి స్లోప్ మీద దాన్ని బలంగా నొక్కమంటారు కదా, ఇక్కడ తగిలితే చాలు. మోకాళ్ళు కొంచెమే వంచి కాస్త ఎత్తుగా నిలబడాలి. రెండు చేతులూ మీ కంటికి కనబడుతూ ముందుండాలి. ఒక చెయ్యి కనబడకుండా పోయిందంటే భుజం వెనక్కి తిరిగింది, దాని వెంటే నడుం పోతుంది.

మీరు మధ్యలో ఉన్నారో లేదో తెలుసుకోవడానికి నేను వాడే పరీక్ష ఒకటుంది. నేరుగా కిందికి మెల్లగా జారుతూ, ఉన్నచోటే చిన్నగా ఎగరండి. స్కీలు మంచు విడిచిపెట్టకపోయినా సరే, ఎగరబోతే చాలు. రెండు స్కీల ముందు, వెనుక కొసలు ఒకేసారి తేలికైతే మీరు మధ్యలో ఉన్నట్టు. ముందు కొసలే లేస్తే వెనక్కి కూర్చున్నారు. ఎగరడానికే కాళ్ళు రాలేదంటే అప్పటికే బాగా కుంగిపోయారు, లేచి నిలబడండి. ప్రతి రన్ మొదట్లో ఒకసారి, అలిసిపోయిన చివర్లో తప్పకుండా ఒకసారి ఈ పరీక్ష చేసుకోవాలి. అలిసినప్పుడే అందరం వెనక్కి పోతాం.

రెండో మార్పు బరువు పంచుకోవడం. నాటు మడిలో దిగినవాళ్ళకు దీన్ని విడమర్చి చెప్పాల్సిన పనిలేదు: ఒంటికాలి మీద బరువేస్తే ఆ కాలు పిక్కదాకా దిగబడుతుంది, రెండోది పైన ఉండిపోతుంది, మనిషి ఒక పక్కకు ఒరుగుతాడు. పౌడర్‌లో అదే పని వేగంగా జరుగుతుంది. బయటి స్కీ మునిగి ఆగుతుంది, లోపలిది తేలి ముందుకు పోతుంది. అందుకని కాళ్ళు దగ్గరికి తెచ్చి, మధ్యలో పిడికిలి పట్టేంత సందు ఉంచి, రెండింటినీ ఒకే చెక్కలాగా వాడాలి. సగం సగం అనుకుంటూ దిగితే అలవాటున్న బయటి కాలికి ఎక్కువే పోతుంది. కాబట్టి మొదట్లో లోపలి కాలిని కావాలని ఎక్కువ తొక్కుతున్నట్టు అనుకోండి. చివరికి సమానం దగ్గరకొచ్చి ఆగుతుంది. కాళ్ళు మరీ అతికించొద్దు, బ్యాలెన్స్ పోతుంది.

మలుపు

మొదటి రోజే మలుపులకు పోవద్దు. 20 నుంచి 25 డిగ్రీల వాలు, కింద ఖాళీగా సమతలం ఉన్న చోటు చూసుకుని నేరుగా జారండి. ఈ వాలు గట్టి స్లోప్ మీద భయపెట్టొచ్చు, లోతు మంచులో మాత్రం మంచే బ్రేకు వేస్తుంది. ఇంకా తక్కువ వాలైతే ముందుకే కదలరు. మోకాలి లోతు పౌడర్‌లో తక్కువ వాలు ఎంచుకుని మధ్యలో ఆగిపోయి, నడుచుకుంటూ ఆయాసపడే మనవాళ్ళను చూస్తే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది.

నేరుగా జారుతుంటే మొదట స్కీలు కనబడవు. ఇది చాలామందికి టెన్షన్. ఆ కనబడని స్కీల కోసం తల వంచి చూస్తారు, తల వెంట వీపు వంగుతుంది. చూపు ముందు పదిహేను ఇరవై మీటర్ల దూరాన పెట్టండి. కొంచెం వేగం రాగానే కాళ్ళ కింద బరువు మారుతుంది, స్కీలు పైకి తేలుతున్నట్టు తెలుస్తుంది. అప్పుడు ఇంకేమీ చెయ్యకుండా కాళ్ళు వంచండి, చాపండి. వంచండి, చాపండి. కాళ్ళు చాపి తొక్కినప్పుడు స్కీ కింద మంచు గట్టిపడి మిమ్మల్ని తిరిగి పైకి తోస్తుంది. ఆ తోపు అరికాళ్ళకు తెలిసేదాకా ఇదే చెయ్యాలి. మలుపు పుట్టేది దాంట్లోంచే.

ఇప్పుడు ఒక మలుపును దగ్గర్నుంచి చూద్దాం. ఎడమవైపుకు తిరగాలి. వేగం ఉంది, స్కీలు వాలుకు కొంచెం అడ్డంగా కుడివైపుకు పోతున్నాయి. రెండు కాళ్ళూ కలిపి మెల్లగా తొక్కారు. మంచు నొక్కుకుంది, తిరిగి తోసింది. ఆ తోపుకు మీరు పైకి లేస్తుండగా ఎడమచేతి పోల్‌ను, అంటే చేతికర్రను, కిందివైపు, బూటుకు కాస్త ముందుగా ఊరికే తాకించారు. ఇప్పుడు మీ బరువు అన్నిటికంటే తక్కువగా ఉన్న క్షణం. పాదాలు రెండూ కలిపి, మోకాళ్ళతో పాటు, కిందికి తిప్పడం మొదలుపెట్టారు. ఇక్కడ ఆగండి. స్కీలు కిందికి తిరిగి, నేరుగా లోయవైపు చూస్తున్నాయి. వేగం పెరుగుతోంది. భయపడ్డ మనిషి సరిగ్గా ఇక్కడే స్కీలను గబుక్కున అడ్డం తిప్పేస్తాడు. పక్కనుంచి మంచు గోడలాగా తగిలి విసిరేస్తుంది. మీరు ఆ తిప్పుడు చెయ్యొద్దు. స్కీలను కిందికే పోనిచ్చి, కాళ్ళు చాపుతూ రెండో సగం మలుపును మెల్లగా తొక్కుతూ గుండ్రంగా పూర్తిచెయ్యండి. తొక్కుతున్న కొద్దీ వేగం దానంతటదే తగ్గుతుంది, అడుగున మళ్ళీ పట్టు దొరుకుతుంది, మళ్ళీ తోపు వస్తుంది. ఆ తోపే తరువాతి మలుపుకు మొదలు.

చదును స్లోప్ మీద వేగం తగ్గించుకునేది మలుపు చివర్లో అంచుతో మంచును గీకి. ఇక్కడ తగ్గేది మలుపు గుండ్రదనంతో. వేగం ఎక్కువనిపిస్తే మలుపును ఇంకొంచెం ఎక్కువసేపు తిప్పి, ఇంకొంచెం పక్కకు పోనివ్వండి, అంతే. మెల్లగా తిప్పడం ఎంత మెల్లగా అని అడుగుతారు. చదును స్లోప్ మీద మీ మలుపుకు ఎంతసేపు పడుతుందో దానికి రెట్టింపు అనుకుని మొదలుపెట్టండి. మనసులో లెక్కపెట్టుకుంటే తొందర తగ్గుతుంది. నేను లోపల్లోపల “తొక్కు… లే… తొక్కు… లే…” అనుకుంటా. కొండ పైకి తీసుకుపోయే కేబుల్ కారు, గొండోలా, ఎక్కేచోట పక్కవాళ్ళకు వినబడితే నవ్వుతారు, పోనీ.

ఆగడం కూడా అంతే. గట్టి స్లోప్ మీద స్కీలను ఠక్కున అడ్డం పెట్టి ఆగుతాం. ఇక్కడ అట్లా చేస్తే స్కీలు ఆగుతాయి, మీరు ఆగరు. మలుపును ఎగువవైపు దాకా తిప్పుతూ పోతే వాలే మిమ్మల్ని ఆపుతుంది.

పోల్స్‌కు అడుగున ఉండే చక్రం, దాన్ని బాస్కెట్ అంటారు, పెద్దదిగా ఉండాలి. చిన్న బాస్కెట్ పోల్ మంచులో చేతిదాకా దిగిపోయి భుజాన్ని లాగేస్తుంది. ఇరవై రూపాయల వస్తువులా కనబడుతుంది గానీ దానివల్ల మలుపు చెడుతుంది.

పడ్డాక

పడతారు. పడడంలో సిగ్గేమీ లేదు, లేవడంలోనే సగం ఓపిక పోతుంది. చెయ్యి నేలకు ఆనించి లేవబోతే చెయ్యి భుజం దాకా మునుగుతుంది. ముందుగా రెండు స్కీలనూ మీకు దిగువన, వాలుకు అడ్డంగా తెచ్చుకోండి. రెండు పోల్స్‌నూ మంచు మీద ఒకదానిపై ఒకటి అడ్డంగా పరిచి, రెండూ కలిసే చోట అరచెయ్యి ఆనించి లేవండి. మునగదు. అప్పటికీ రాకపోతే ఎగువ కాలి బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) విప్పి, మోకాలు ఆనించి చుట్టుపక్కల మంచు తొక్కి గట్టిచేసుకుని లేవండి.

స్కీ ఊడిపోయిందంటే కిందికి వెతకొద్దు. మనిషి వేగంతో కిందికి పోతాడు, స్కీ ఊడిన చోటే మంచులో దూరి ఆగిపోతుంది. అంటే అది మీ కంటే పైన, చాలాసార్లు మీరు పడ్డం మొదలైన చోటి చుట్టుపక్కలే ఉంటుంది. ఆ చోట ఒక పోల్ గుచ్చి గుర్తు పెట్టుకోండి. ఉన్న రెండో స్కీతో వాలుకు అడ్డంగా మంచును కోసుకుంటూ, ఒక గీత తర్వాత ఇంకో గీత కిందికి రండి. ఆగమాగం తొక్కుతూ తిరిగితే ఉన్నది కాస్తా ఇంకా లోతుకు పోతుంది. స్కీకి మెరిసే రంగు రిబ్బన్ కట్టి, దాన్ని ప్యాంటు కాలిలోపల పెట్టుకునే పద్ధతి కూడా ఉంది. లోతు మరీ ఎక్కువున్న రోజు అది కట్టుకుంటే చాలా టైం మిగులుతుంది.

స్కీ దొరికాక పెట్టుకునేటప్పుడు బూటు అడుగున గడ్డకట్టిన మంచు పూర్తిగా గీకెయ్యాలి. పోల్ కొసతో గీకండి లేదా బైండింగ్ ముందుభాగానికి బూటును రుద్దండి. కొంచెం మంచు మిగిలినా బైండింగ్ సరిగ్గా పట్టదు, పది మీటర్లలో మళ్ళీ ఊడుతుంది. మంచులో ఇది చేసేటప్పుడు గాగుల్స్ నుదుటి మీదికి ఎత్తొద్దు. నుదుటి చెమటకు లోపల ఆవిరి పడుతుంది, ఇంక ఆ రోజంతా తుడుచుకుంటూ కూర్చోవాలి.

అద్దె స్కీల గురించి

గుల్‌మార్గ్‌లో అద్దెకిచ్చే దుకాణాలు చాలా ఉన్నాయి, వాటిల్లో సరుకు మంచీ ఉంది, చెడ్డా ఉంది. స్కీ కంటే ముందు బూటు చూడండి. మడమ లేస్తే ఎంత మంచి స్కీ అయినా పనికిరాదు. వేళ్ళు ముందు గోడను తాకీ తాకనట్టు ఉండి, మోకాలు వంచగానే వెనక్కి జరగాలి. వెడల్పు మధ్యలో 100 మిల్లీమీటర్ల పైనున్నదే అడగండి, స్కీ మీద రాసి ఉంటుంది. బైండింగ్ మీద ఒక అంకె ఉంటుంది, ఎంత బలానికి ఊడాలో చెప్పేది. దాన్ని మీ బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, మీకొచ్చిన స్థాయి చెప్పి పెట్టించుకోవాలి. ముందు వాడినవాడి అంకె మీద వదిలేసుకుని పోవద్దు. ఊడుతుందేమోనని గట్టిగా బిగించుకోవడం మోకాలిని పణంగా పెట్టడమే.

మంచు అన్ని రోజులూ ఒకటి కాదు. పశ్చిమం నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్ మబ్బులు మంచు కురిపించాక, జనవరి చలిలో ఎత్తున పడింది పొడిగా రెండు మూడు రోజులు నిలుస్తుంది. డిసెంబర్ 21 నుంచి 40 రోజుల చిల్లయ్ కలాన్ కశ్మీర్‌లో గట్టి చలికాలం. కానీ 2024 జనవరిలో నెలాఖరు దాకా గుల్‌మార్గ్ నేల బయటపడే ఉంది, టికెట్లు కొన్నవాళ్ళంతా ఫోటోలు చూసుకుంటూ కూర్చున్నారు. గాలికి గట్టిపడిన పై పొర కింద మెత్తగా ఉంటే, అప్పుడు ఇంకా ఎత్తుగా నిలబడి ఇంకా మెల్లగా తిప్పడమే మార్గం. మార్చి మధ్యాహ్నం తడిసి బరువెక్కిన మంచు మోకాళ్ళకు శత్రువు. పొద్దున్నే పోయి మధ్యాహ్నానికి దిగిపోండి.

నల్లగొండలో చేసుకోవాల్సింది

మన దగ్గర మంచు లేదు గానీ తొడలున్నాయి. మెట్లు ఎక్కడం గురించి అందరూ మాట్లాడతారు, నాకు కావాల్సింది మెట్లు దిగడం. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుదించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు సాగుతూ శరీరం బరువును ఆపుతుంది. స్కీయింగ్‌లో పని ఎక్కువగా ఈ రెండో రకమే. లతీఫ్ సాబ్ గుట్ట మెట్లు, చెర్వుగట్టు మెట్లు, ఏవి దగ్గరైతే అవి. ఎట్లాగైనా ఎక్కండి, దిగేటప్పుడు మాత్రం ఒక్కో మెట్టు మీద మోకాలు లోపలికి పోకుండా, పాదం రెండో వేలి మీదుగా ఉండేటట్టు చూసుకుంటూ మెల్లగా దిగండి. పోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు మొదలుపెట్టి, వారానికి రెండు మూడు సార్లు. మొదటి వారం కొద్ది మెట్లే. తర్వాత రెండు రోజులు తొడలు పట్టేస్తాయి, అది మామూలే. మోకాలి చిప్ప చుట్టూ పొడిచినట్టు నొప్పొస్తే మాత్రం ఆపి చూపించుకోండి.

ఇంట్లో గోడకుర్చీ వెయ్యండి. స్కూల్లో సారు వేయించినదే. కాకపోతే ఆయన వేయించినంత కిందికి వద్దు, పౌడర్‌లో అంత కిందికి ఎప్పుడూ కూర్చోము. మోకాళ్ళు కొంచెమే వంచి, మడమలు ఎత్తకుండా, కాలివేళ్ళు పైకెత్తి దించుతూ నిమిషం నిలవండి. అరికాలు మొత్తం వాడే అలవాటు పడుతుంది. ఇక గొంతుక్కూర్చునే అలవాటున్న ఊరి మనుషులకు చీలమండలు బాగా వంగుతాయి, ఇది స్కీబూటులో పెద్ద లాభం. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే తమ్ముళ్ళకు అదే పోయింది. ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో నడక మంచిదే, ఊపిరికి పనికొస్తుంది, కానీ దాంతోనే తయారైపోయామనుకోవద్దు.

ఎత్తు సంగతి కూడా మరవొద్దు. నల్లగొండ సముద్రమట్టానికి సుమారు 420 మీటర్లు. గుల్‌మార్గ్ ఊరు 2,650 దాకా, గొండోలా రెండో దశ దిగే అఫర్వట్ స్టేషన్ దాదాపు 3,950. శంషాబాద్‌లో పొద్దున విమానం ఎక్కి మరునాడే అంత పైకి పోయి గట్టిగా దిగితే ఊపిరందదు, తలనొప్పి వస్తుంది. జడ్చర్లవాళ్ళ ఊరి మీదుగా పోయే 44 నంబరు జాతీయ రహదారి మొదలయ్యేది శ్రీనగర్‌లోనే. ఆ దారి పట్టుకుని కారులో పోయేవాళ్ళకు మాత్రం అలవాటు పడటానికి కొంచెం టైం దొరుకుతుందేమో. మిగతావాళ్ళు మొదటి రెండు రోజులు మొదటి దశ కొంగ్‌డోరి దగ్గరే ఉండి, నీళ్ళు బాగా తాగి, తర్వాత పైకి పొండి.

పైలం

ఇక్కడ నేను నవ్వను. 2023 ఫిబ్రవరి 1న అఫర్వట్ వాలు మీద మంచు చరియ విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. 2024 ఫిబ్రవరిలో ఇంకో చరియ కింద ఒక రష్యన్ చనిపోయాడు. వాళ్ళు మనకంటే మంచును ఎక్కువ చూసినవాళ్ళు. గొండోలా టికెట్ ఇచ్చారంటే పైనున్న మంచు సేఫ్ అని హామీ ఇచ్చినట్టు కాదు. గొండోలా దగ్గరి ప్రధాన లోయను స్కీ ప్యాట్రోల్ అనే భద్రతా బృందం చూసుకుంటుంది, ఆ హద్దు దాటితే అంతా మీ బాధ్యతే.

చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. పౌడర్‌లో హాయిగా దిగడానికి బాగుండే వాలూ చాలావరకు అదే, అదే ఈ ఆటలోని తిరకాసు. అందుకే మొదట్లో 20-25 దాటొద్దన్నాను. వాలు కొలిచే యాప్ ఫోన్‌లో ఉంటుంది. కానీ మీరున్న చోటు మెత్తటి వాలైనా, పైన నిటారు వాలుంటే అక్కడినుంచి విరిగి మీ మీదికే వస్తుంది. తల పైకెత్తి చూడండి. మంచు బాగా పడ్డాక మొదటి ఒకటి రెండు రోజులు, గాలి బలంగా వీచాక, ఎండ ఒక్కసారిగా పెరిగినప్పుడు ప్రమాదం ఎక్కువ. కాలి కింద గుభీమని శబ్దం వచ్చినా, స్కీ ముందు మంచులో పగులు పరుగెత్తినా, దగ్గరి వాలులో కొత్తగా విరిగిన చరియ కనబడినా ఆ రోజుకు చాలు, వెనక్కి తిరగండి.

ఒక్కొక్కరి దగ్గర మూడు వస్తువులు తప్పనిసరి: మంచు కింద పడ్డవాళ్ళను సిగ్నల్‌తో వెతకడానికి 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే ట్రాన్సీవర్, మంచులో గుచ్చి వెతికే పొడవాటి ప్రోబ్, పార. మంచు కింద పడ్డవాణ్ణి మొదటి పది పదిహేను నిమిషాల్లో తీస్తేనే బతికే అవకాశం ఎక్కువ. బయటినుంచి సాయం వచ్చేలోపు ఆ టైం అయిపోతుంది. కాబట్టి తీసేది పక్కనున్న మీ మిత్రుడే. అతనికి ట్రాన్సీవర్ వాడటం రాకపోతే మీ మెడలో ఉన్నది ఉత్త బరువు. గుల్‌మార్గ్ చేరిన రోజు సాయంత్రం ఒకటి మంచులో దాచి వెతికే ఆట ఆడండి. అనుమానపు వాలులో ఒక్కొక్కరే దిగాలి, మిగతావాళ్ళు సేఫ్ జాగాలో నిలబడి చూడాలి. స్థానిక గైడ్ లేకుండా హద్దు దాటొద్దు. గైడ్ వద్దన్న వాలు గురించి వాదించొద్దు. డబ్బులిచ్చాం కదా అనే మాట హోటల్లో పనికొస్తుంది, కొండ మీద కాదు.

గుల్‌మార్గ్ నుంచి కింది ఊర్లు డ్రంగ్ వైపో బాబారేషి వైపో అడవిలోంచి దిగేటప్పుడు ఇంకో గండం చెట్ల మొదళ్ళు. కొమ్మల కింద మంచు వదులుగా, గుంటలాగా ఉంటుంది. తలకిందులుగా పడితే బయటికి రావడం కష్టం, ఊపిరాడదు. పోల్స్ పట్టీలు చేతికి తగిలించుకోకుండా పట్టుకోండి. చెట్టు దగ్గర పడుతున్నానని తెలియగానే కొమ్మనో బోదెనో పట్టుకుని తల పైకి ఉంచండి. అన్నిటికంటే ముఖ్యం, మీ జోడీ ఎప్పుడూ కంటికి కనబడాలి, కేకేస్తే వినబడాలి. మెడలో విజిల్ ఉండాలి. చెట్లను చూస్తే చెట్ల వైపే పోతారు. చూపు చెట్ల మధ్య ఖాళీల మీద పెట్టండి.

బీమా తీసుకునేటప్పుడు హద్దు బయట స్కీయింగ్‌కు వర్తిస్తుందా అని రాతలో అడిగి తీసుకోండి.

సాయంత్రం రూముకు రాగానే బూట్ల లోపలి లైనర్లు బయటికి తీసి విడిగా ఆరబెట్టండి. గదిని వేడిచేసే బుఖారీ పొయ్యికి బాగా దగ్గరగా పెడితే లోపలి ఫోమ్ పాడవుతుంది, అద్దె సామాను అయితే డబ్బులు కట్టాలి. పొద్దున చల్లటి బూటు ప్లాస్టిక్ గట్టిపడి కాలు దూరదు, అందుకే రాత్రి బూట్లు గదిలోనే ఉంచి, బకిళ్ళు వదులుగా తగిలించి పెట్టుకోండి.